ఋణం ఎరిగిన పండుగ

అన్నం పెట్టిన తల్లికి ‘ధన్యవాదాలు’ చెప్పే బిడ్డ తెలుగు ఇంటిలో సాధారణంగా కనిపించడు. చెబితే ఆ తల్లి తెల్లబోతుంది; ఒంట్లో బాగున్నదా అని నుదురు తాకి చూచినా చూస్తుంది. ఆ మాట సభలో వక్తకు, కార్యాలయంలో అధికారికి, గ్రంథం ముందుమాటలో దాతకు చెల్లుతుంది గాని, పీట మీద, పంక్తిలో, పొయ్యి దగ్గర చెల్లదు. ఈ ఒక్క సంగతి పట్టుకొని తెలుగువారికి కృతజ్ఞత తక్కువ అని తీర్పు చెప్పేవారు తొందరపడినట్లే. చేసిన మేలు మరచినవాణ్ణి నిందించడానికి తెలుగులో నుడికారాలకు కొదవ లేదు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడనీ, ఏరు దాటి తెప్ప తగలేసేవాడనీ, ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం తలపెట్టేవాడనీ లోకం వాణ్ణి ఈసడించుకుంటుంది. వాల్మీకి రామాయణంలో, వానలు వెలిసినా సీతాన్వేషణకు కదలక కూర్చున్న సుగ్రీవుని ఎదుట లక్ష్మణుడు ఆగ్రహించి చెప్పిన మాటల సారాంశమూ ఇదే: ఎన్నో మహాపాపాలకు పెద్దలు ప్రాయశ్చిత్తం చెప్పారు గాని, కృతఘ్నునికి మాత్రం చెప్పలేదు.

మేలు మరవడాన్ని ఇంతగా ద్వేషించే జనం తమ మెప్పును నోటితో చెప్పరంటే, మరి దేనితో చెబుతారు? చేతితో చెబుతారు, పంచిపెట్టి చెబుతారు. ‘కృతజ్ఞత’ అన్న పదాన్ని విడదీసి చూస్తే దాని అర్థం చేసినదానిని ఎరిగి ఉండడమే. ముందు ఎరుక, ఆ తరువాతనే మాట. ఎవరెవరు ఏమేమి చేస్తే ఈ కంచంలోకి అన్నం వచ్చినదో తెలియనివాడు ఎంత వినయంగా చేతులు జోడించినా అది మర్యాద అనిపించుకుంటుందే గాని కృతజ్ఞత అనిపించుకోదు. ఆ ఎరుకను ఏడాదికి ఒకసారి ఇంటిల్లిపాదికీ నేర్పే బడి సంక్రాంతి పండుగ.

తెలుగువారు అప్పును, ఋణాన్ని వేరుచేసి వాడుకోవడం గమనింపదగినది. అప్పు కాగితం మీద ఉంటుంది, వడ్డీతో పెరుగుతుంది, తీరిననాడు గుండె తేలికపడుతుంది. ఋణం సంగతి అది కాదు. భార్యాభర్తల నడుమ, తలిదండ్రులకూ బిడ్డలకూ నడుమ ఉండే ముడికి ఋణానుబంధం అని పేరు పెట్టారు. పుట్టిన ఊరు శాశ్వతంగా విడిచిపోయేవాడు ‘ఈ ఊరితో ఋణం తీరింది’ అని కళ్లు తుడుచుకుంటాడు. ఆప్తుడు కన్నుమూస్తే ‘మనకూ ఆయనకూ ఋణం తీరిపోయింది’ అని నిట్టూరుస్తారు. అప్పు తీరడం సంతోషం. ఋణం తీరడం ఎడబాటు. అందువల్లనే కుటుంబంలో ఎవరూ తమ ఋణం చెల్లువేసి లేచిపోవాలని కోరుకోరు. అది ఉన్నదని ఒప్పుకొని, దానితోనే ఒకచోట కూర్చుంటారు. సంక్రాంతికి బంధువులందరూ ఒక కప్పు కిందికి చేరడంలో ఉన్న అర్థం ఈ ఒప్పుకోలే.

ఈ ఒప్పుకోలుకు కాలం కూడ తగినదే అమరింది. తెలుగువారి పండుగలలో అధిక భాగం చంద్రుని తిథులను బట్టి వస్తాయి. సంక్రాంతి సూర్యుని నడకను బట్టి వస్తుంది. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే దినం కాబట్టి ఈ కాలంలో అది జనవరి 14న గాని 15న గాని పడుతున్నది. ఉత్తరాయణ పుణ్యకాలం అని వ్యవహరిస్తున్నా, ఆకాశంలో సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల నాడే. భూమి అక్షం మెల్లమెల్లగా దిశ మార్చుకుంటున్నందున, నక్షత్రాలను బట్టి కట్టిన సంవత్సరం ఋతువులను బట్టి కట్టిన సంవత్సరం కంటె సుమారు 20 నిమిషాలు పెద్దది. ఆ నిమిషాలు కూడి కూడి సుమారు 70 ఏండ్లకు ఒక దినం అవుతాయి. అట్లా శతాబ్దాల మీద పండుగ అయనం నుండి మూడు వారాలకు పైగా జరిగిపోయింది. రైతుకు మాత్రం దీనివల్ల లోటు ఏమీ కలుగలేదు. కృష్ణా గోదావరి మండలాలలో సార్వా వరి కోసి, కుప్ప నూర్చి, ధాన్యం ఇంటికి చేర్చుకునే రోజులు సరిగా ఇవే. గాదెలో గింజ ఉన్నప్పుడే గదా చెయ్యి చాచి పంచగలిగేది!

నిజానికి ఈ పండుగ ఇంటిలో కాక కళ్లంలో మొదలయ్యేది. యంత్రాలు రాకపూర్వం, నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసిన ధాన్యం నేరుగా రైతు గడప ఎక్కేది కాదు. ముందుగా రాశిలో నుండి మేరలు కొలిచేవారు. నాగలికి కర్రు సాగదీసిన కమ్మరికి, కాడి చెక్కిన వడ్రంగికి, కుండలు ఇచ్చిన కుమ్మరికి, బట్టలు ఉతికిన రజకునికి, తల పని చేసిన క్షురకునికి వారి వారి పాలు కళ్లంలోనే ముట్టేది. తెలంగాణలో ఈ వృత్తులవారిని ఆయగాండ్లు అనేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి ఏడాది చివర గింజలలో అందిన ప్రతిఫలం అది. ఈ పంట ఏ ఒక్కని చేతి ఫలమూ కాదని రైతు రాశి సాక్షిగా ఒప్పుకొని, ఆ తరువాతనే మిగిలినదానిని తనది అనుకునేవాడు.

ఐతే ఆ రోజులను స్వర్ణయుగమని వర్ణిస్తే సత్యదూరమవుతుంది. మేర కొలిచే చెయ్యి పైనా, పట్టే చెయ్యి కిందా ఉండేవి. ఎంత కొలవాలన్నది తరచుగా కొలిచేవాని దయ మీద ఆధారపడేది. మోకాటి లోతు బురదలో నడుము వంచి నాట్లు వేసిన స్త్రీ, ఆ చేని బియ్యంతోనే చేసిన అరిసెను అరుగు కింద నిలబడి చెంగు పట్టి అందుకోవలసిన ఇండ్లు తెలుగునాట ఎన్నో ఉండేవి. ఋణపడినవాడు మెట్టు మీద, ఋణం పెట్టినవాడు మెట్టు కింద! కృతజ్ఞతను దానంగా మార్చి ఇచ్చినందువల్ల వచ్చిన దోషం ఇది. దానంలో ఇచ్చేవాడు పెద్దవాడవుతాడు. కృతజ్ఞతలో ఇచ్చేవాడు తాను అప్పటికే పుచ్చుకున్నవాడినని ఒప్పుకుంటాడు. చూపులకు రెండూ ఒకటే. రెండు చోట్లా చేతి నుండి చేతికి అరిసెయే మారుతుంది. కాని ఒకచోట తల వంచవలసినది పుచ్చుకునేవాడు, మరొకచోట ఇచ్చేవాడు. పాత సంక్రాంతి నుండి నిలుపుకోవలసినది రాశి దగ్గర ఒప్పుకోలు. తీసివేయవలసినది ఆ మెట్టు.

కళ్లం దాటిన ధాన్యం బియ్యమై వంటింటికి చేరుతుంది. అక్కడ మరొక పాఠం. అరిసెలు ఒక్క మనిషి చేయగల పిండివంట కాదు. కొత్త బియ్యం నానబెట్టి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే రోట్లో పోసి దంచాలి. ఒకరు దంచుతుంటే ఒకరు జల్లించాలి. పొయ్యి మీద బెల్లం పాకం పొంగుతుంటే దాని బొట్టును నీళ్లలో వేసి చూస్తూ ఉండాలి. మెత్తని ఉండ కట్టినప్పుడు దించాలి. అంతకు ముందే దించితే అరిసె నూనెలో విరిగిపోతుంది, ఆలస్యమైతే రాయి అవుతుంది. ఆ పాకంలో ఒకరు పిండి పోస్తుంటే మరొకరు ఉండ కట్టకుండ తెడ్డుతో కలపాలి. ఒకరు నువ్వులు అద్ది ఆకు మీద తట్టాలి, ఒకరు మూకుడు దగ్గర కూర్చోవాలి, కాలిన అరిసెను ఒకరు రెండు చెక్కల నడుమ అదిమి నూనె పిండాలి. పాకం చూచే అనుభవం అమ్మమ్మది. దంచే బలం పిన్నిది. తట్టే నేర్పు కోడలిది. మొదటి అరిసె విరిగితే తినే భాగ్యం పిల్లలది. తెలంగాణలో సకినాల సంగతీ ఇంతే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద గుడ్డ పరచి, వేళ్లతో చుట్టు మీద చుట్టుగా తిప్పడానికి ఇరుగుపొరుగు స్త్రీలు ఇంటింటికీ వంతుగా వచ్చి కూర్చుంటారు. కుటుంబం కలిసి ఉంటే పని చేస్తుందని అనుకుంటారు. కలిసి పని చేయవలసి రావడం వల్లనే చాల కుటుంబాలు కలిసి ఉన్నాయి.

ఈ వంటింటిలోనే గృహస్థులు సాధారణంగా లెక్కకు తీసుకోని ఋణం ఒకటి ఉన్నది. పండుగకు కూతురు అల్లునితో పుట్టింటికి వస్తుంది. తల్లి ముఖం వెలుగుతుంది. తండ్రి వీథి గుమ్మంలో నిలబడతాడు. కొత్త అల్లునికి బావమరదులు పరిహాసాలు పేరుస్తారు. అదే సమయంలో అదే ఇంటి కోడలు పొయ్యి దగ్గర ఉంటుంది. ఆమెకూ ఒక పుట్టిల్లు ఉన్నది. అక్కడ కూడ ఒక తల్లి వీథి వైపు చూస్తూ ఉండవచ్చు. అందరి పంక్తులు లేచిన తరువాత, చల్లారిన పులుసుతో చివరి విస్తరి వేసుకునేది ఆమెయే. బంధుసమాగమం అన్న పెద్ద మాటకు కింద రాయిలా ఉండి మోసేది ఆమె శ్రమ. కూడిన వారందరి సంతోషమూ ఆమె కూడలేకపోయిన ఒక ఇంటి వెలితి మీద నిలిచి ఉన్నది. ఈ సంగతి ఎరిగిన ఇండ్లలో ఒక ఏడు అటూ, ఒక ఏడు ఇటూ పండుగ చేసుకుంటున్నారు. మగవారు లేచి వడ్డన చేస్తున్నారు. అట్టి ఇండ్లలో ‘ధన్యవాదాలు’ అనే మాట వినబడదు. దాని అవసరమూ లేదు.

పిండివంటలు సిద్ధమైన పిమ్మట పండుగ వరుసగా తన ఋణాలను ఒక్కొక్కటి తలచుకుంటుంది. భోగినాడు తెల్లవారకముందే మంటలు వేస్తారు. సాయంకాలం పసిపిల్లలకు భోగిపళ్లు పోస్తారు. రేగిపళ్లు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి బిడ్డ తల చుట్టూ తిప్పి తల మీద నుండి జారవిడుస్తారు. ముత్తైదువలు పాడుతుంటే బిడ్డ బిత్తరపోయి చూస్తుంది. తక్కిన పిల్లలు నాణేల కోసం కిందపడి వెదకుకుంటారు. పెద్దల పండుగ పిల్లలతో ఎందుకు ఆరంభం కావాలి? మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలు మోసుకొని వస్తాడని వైదిక సంప్రదాయం చెబుతుంది: ఋషులకు ఒకటి, దేవతలకు ఒకటి, పితరులకు ఒకటి. చదువు వల్ల మొదటిది, యజ్ఞం వల్ల రెండవది, సంతానం వల్ల మూడవది తీరుతాయి. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. తలిదండ్రుల ఋణాన్ని వెనుకకు చెల్లించడానికి ఎవరికీ సాధ్యం కాదు. రాత్రులు మేల్కొని పెంచిన పెంపకాన్ని తిరిగి వారికే ఎవరు ఇవ్వగలరు? దానిని ముందుతరానికి చెల్లించవలసినదే. గురువు ఋణమూ అంతే. తనకు అక్షరం నేర్పిన పంతులుగారికి శిష్యుడు అక్షరం నేర్పలేడు. మరొక బిడ్డ చేతికి బలపం అందించి ఆ ఋణాన్ని నడిపిస్తాడు. బడిపంతులు వృత్తిలో ఉన్న గౌరవానికి మూలం ఇక్కడ ఉన్నది.

సంక్రాంతినాడు కొత్త బియ్యపు పొంగలి, గుమ్మడికాయ దానం, పితృతర్పణం. తర్పణ విధిని శ్రద్ధగా గమనించినవారికి ఒక విశేషం కనబడుతుంది. అది తండ్రి, తాత, ముత్తాతలతో ఆరంభమవుతుంది. తల్లి వైపువారిని తలుస్తుంది. మేనత్తలు, మేనమామలు, గురువులు, స్నేహితుల దాకా విస్తరిస్తుంది. చివరకు ఏ బంధువులూ లేనివారికి, నీళ్లు విడిచే దిక్కు లేనివారికి కూడ ఒక దోసెడు నీరు విడుస్తుంది. పెండ్లి లేక, సంతానం లేక పోయిన భీష్మునికి మాఘ శుద్ధ అష్టమినాడు లోకమంతా తర్పణం విడవాలన్న నియమంలోనూ ఈ భావమే ఉన్నది. కుటుంబం అనే గీతను నీటితోనే గీసి, ఆ నీటితోనే చెరిపివేశారు పూర్వులు.

ఆ గీత ఎంత దూరం జరగగలదో గోదావరి తీరంలో చూడవచ్చు. నందన నామ సంవత్సరంలో, 1832–33లో, గుంటూరు సీమను పీడించిన కరువు జనాన్ని పిట్టల వలె రాల్చింది. గోదావరి నిండా నీరున్నా, అది ఒడ్డున ఎండుతున్న చేను ఎక్కక సముద్రంలో కలిసిపోతూ ఉండేది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా పైరు పచ్చలు కట్టుకున్నది. కాటన్ 1803లో పుట్టి 1899లో ఇంగ్లండులో మరణించాడు. ఆయన తెలుగువాడు కాడు, హిందువు కాడు, ఈ గోత్రాలలో దేనికీ చెందడు. పైగా ఈ దేశాన్ని ఏలుతున్న పరాయి ప్రభుత్వపు ఉద్యోగి. ఐనా గోదావరి జిల్లాలలో ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయి. పుష్కరాలలో నదిలో దిగి, తమ పితరులతో పాటు ఆయన పేరూ తలచి నీరు విడిచేవారు ఉన్నారు. ఏలికను ద్వేషించడానికీ, మేలును గుర్తించడానికీ నడుమ ఉన్న తేడా ఆ రైతులకు ఎవరూ బోధింపనక్కరలేక పోయింది. ఐతే ఆ ఎరుక ఇంకొక అడుగు వేయవలసి ఉన్నది. కాటన్ గీచిన గీతల వెంట రాయి మోసినవారు, మట్టి తట్టలు ఎత్తినవారు వేలమంది కూలీలు. వారికి విగ్రహాలు లేవు; పేర్లు కూడ మిగలలేదు. దిక్కులేనివారికి విడిచే ఆ చివరి దోసెడు నీరు బహుశ వారి పాలికే చెందుతుంది.

మనుష్యుల వంతు ముగిసిన మరునాడు కనుమ. పశువులను చెరువుకు తోలుకుపోయి కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలలో గంటలు కట్టి, నుదుట పసుపు కుంకుమలు దిద్ది, పొంగలి తినిపిస్తారు. ఆనాడు ఎద్దు మెడ మీద కాడి మోపరు. పంటను దోచుకునేదే ఐనా పిచ్చుకను కూడ మరవరు. వరి కంకులను అందంగా అల్లి కుంచెలుగా కట్టి ఇంటి చూరుకు వేలాడదీస్తారు. నోరు లేని జీవానికి ధన్యవాదం చెప్పి ప్రయోజనం ఏమున్నది? దానికి తెలిసేది మేత, నీరు, ఒకరోజు విశ్రాంతి. కృతజ్ఞత మాట కాక పని అన్నదానికి కనుమను మించిన నిదర్శనం లేదు. దీని పక్కనే ఒక వికారమూ ఉన్నది. ఈ మూడు నాళ్లలోనే తీరాంధ్రంలో కోడిపుంజు కాలికి కత్తి కట్టి పందేలు కాస్తారు. పశుపక్ష్యాదులను పోరుకు పురికొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. ఐనా ఆ బరుల చుట్టూ జనం మూగుతూనే ఉన్నారు. ఎద్దుకు బొట్టు పెట్టిన చేతితోనే కోడికి కత్తి కట్టేవాడు కనుమ అర్థాన్ని కొంత మరచినవాడే.

‘కనుమనాడు కాకి కూడ కదలదు’ అని సామెత. వచ్చిన బంధువును ఆ రోజు పంపివేయరు. కాని కోనసీమలో సాక్షాత్తు దేవతలే కనుమనాడు కదలి చుట్టపుచూపుగా బయలుదేరుతారు. అంబాజీపేట సమీపాన మోసలపల్లి వద్ద జగ్గన్నతోట అనే కొబ్బరితోట ఉన్నది. చుట్టుపక్కల పదకొండు గ్రామాల శివుళ్లు, ఏకాదశ రుద్రులు, ఏడాదికి ఆ ఒక్క దినం అక్కడ కలుసుకుంటారని అక్కడివారి విశ్వాసం. వెదురుతో కట్టి, రంగు రంగుల వస్త్రాలతో, గంటలతో అలంకరించిన ప్రభల మీద ఉత్సవమూర్తులను ఉంచి, ఊరివారు భుజాల మీద మోసుకొని వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం గ్రామాల ప్రభలు ఎగువ కౌశిక నీటిలో దిగి దాటి వస్తుంటే గట్ల మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. దారిలో పచ్చని వరిచేలు అడ్డు వస్తే వాటిని తొక్కుకుంటూనే నడుస్తారు. చేను నలిగిన రైతు నష్టమని వాపోడు. దేవుడు తన పొలంలో అడుగుపెట్టాడని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థాన్నే ఢిల్లీ నగరానికి చూపింది. అన్నదమ్ములు ఒకరి గుమ్మం ఒకరు తొక్కని గ్రామాలలో సైతం, ఏడాదికి ఒకనాడైనా కలుసుకోవాలన్న నియమం దేవుళ్లకు పెట్టుకున్న ఆ జనం తమ మనస్సులోని కోరికనే అట్లా చెప్పుకున్నారు కాబోలు.

ఏలయనగా కలయిక అంత సులువైన పని కాదు. పొలం పంపకాలలో గట్టు దగ్గర పుట్టిన తగవు, తల్లి నగల దగ్గర పుట్టిన మాట, పెండ్లిలో జరిగిన చిన్న అమర్యాద ఏండ్ల తరబడి రక్తసంబంధాన్ని బిగదీసి ఉంచుతాయి. అట్టివారిని ఒక పంక్తిలో కూర్చోబెట్టే శక్తి న్యాయస్థానానికి లేదు. పండుగకు కొంత ఉన్నది. ఎదుటివాడు తనకు చేసిన అన్యాయం ప్రతి మనిషికీ కంఠతా వస్తుంది. చేసిన మేలు ఎవరైనా గుర్తు చేస్తే గాని గుర్తుకు రాదు. తండ్రి పోయిననాడు చదువు మానుకొని నాగలి పట్టి తమ్ముణ్ణి చదివించిన అన్న సంగతి, ఆస్తి కాగితాల మీద ఎక్కడా వ్రాసి ఉండదు. పితరులను తలచుకునే దినాన, ఆ తండ్రి పటం ముందు నిలబడినప్పుడు, అది తమ్మునికి జ్ఞప్తికి వచ్చే అవకాశం ఉన్నది. పండుగ చేయగలిగినది అంతవరకే. ఆ పైన నోరు తెరచి ‘అన్నయ్యా’ అని పిలవవలసిన పని తమ్మునిదే.

కాలం మారింది. పెక్కు చోట్ల కోతయంత్రం చేనులోనే కోసి, నూర్చి, గింజను బండికి ఎత్తుతున్నది. కళ్లం చేసే అవసరం తగ్గింది. మేర కొలిచే ఘట్టమూ లేదు. ఎద్దుల చావడిలో ట్రాక్టరు నిలిచింది. కనుమనాడు దానికే కడిగి బొట్టు పెడుతున్నవారు ఉన్నారు. పండుగ ముందు హైదరాబాదు నుండి విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పంతంగి సుంకం గేటు వద్ద కార్లు బారులు తీరుతాయి. రైల్వేవారు ప్రత్యేక రైళ్లు వేస్తారు. ఇంత ఇబ్బంది పడి ఇంటికి పోవాలన్న తహతహ చావలేదనడానికి ఆ బారులే సాక్షి. ఐతే చేరిన తరువాత ఏమి జరుగుతున్నదన్నది ఆలోచింపదగిన ప్రశ్న. అరిసెలు అంగడి నుండి పొట్లాలలో వస్తున్నాయి. నలుగురూ ఒక గదిలోనే ఉన్నా ఎవరి చేతిలోని ఫోనులో వారు ఉంటారు. వరి చెట్టుకు కాస్తుందా, తీగకు కాస్తుందా అని అడిగే పిల్లల మీద హాస్యాలు ప్రచారంలో ఉన్నాయి. తప్పు పిల్లలది కాదు. ఏ చేతులు ఏమి చేశాయో వారికి కనబడడం లేదు. కనబడనిదానిని ఎరగడం ఎట్లా? ఎరగనిదానికి కృతజ్ఞులై ఉండడం ఎట్లా?

ఇక్కడ ఉపాధ్యాయులకు పని ఉన్నది. సెలవులు ముగిసి పిల్లలు తిరిగి వచ్చిననాడు ‘పండుగ ఎట్లా జరిగింది?’ అని వ్యాసం వ్రాయించడం అలవాటు. వారు కొత్త బట్టలను, గాలిపటాలను, పిండివంటలను వరుసగా వ్రాస్తారు. దానికి బదులు ఒక్క అరిసెను తీసుకొని, అది చేతికి రావడానికి ఎన్ని చేతులు పనిచేశాయో వ్రాయమని అడిగి చూడవచ్చు. విత్తనం దాచినవారు, నారు పోసినవారు, నాటినవారు, కాలువ తవ్వినవారు, లాకు ఎత్తినవారు, కోతయంత్రం నడిపినవారు, చెరకు గానుగ ఆడినవారు, నువ్వులు దులిపినవారు, మర పట్టినవారు, పాకం చూచినవారు, తట్టినవారు, వడ్డించినవారు, చివరకు తిన్న కంచం కడిగినవారు. పట్టిక పుటలు దాటుతుంది. అందులో ప్రతి విద్యార్థీ తనకు తెలిసిన పేరు ఎక్కడెక్కడ వ్రాయగలడో, ఎక్కడ ఖాళీ విడవవలసి వచ్చినదో గమనించాలి. ఆ ఖాళీలను నింపడానికి వాడు ఇంటికి పోయి నాయనమ్మను అడగాలి, పొలానికి పోయి కూలివాణ్ణి పలకరించాలి. గణితమూ, భూగోళమూ, చరిత్రా అందులోనే వస్తాయి. నీతిపాఠం వేరుగా చెప్పవలసిన పని ఉండదు.

ముక్కనుమ దాటిన తరువాత ప్రయాణాలు ఆరంభమవుతాయి. అరిసెల డబ్బా, ఊరగాయ జాడీ, కొత్త బియ్యపు మూట బండిలోకి ఎక్కుతాయి. ఎక్కువైనదని పిల్లలు వద్దంటారు; చాలలేదని తల్లి మరొక పొట్లం తెచ్చి సందులో దోపుతుంది. ఆ క్షణాన కూడ ఎవరూ ఎవరికీ ధన్యవాదాలు చెప్పుకోరు. తెలుగు ఇంటి గుమ్మంలో ‘వెళ్తున్నాను’ అనడం కూడ అమంగళమే. బండి కదిలేముందు కొడుకైనా కూతురైనా అనేది ఒకటే మాట: ‘వెళ్లొస్తానమ్మా.’ తల్లి సమాధానమూ ఒకటే: ‘వెళ్లి రా.’ ఆ రెండు మాటలలో ఋణం ఒప్పుకోలు ఉన్నది, వాయిదా కూడ ఉన్నది. మరుసటి ఏడు కుప్పలు నూర్చే రోజులు వచ్చేవరకు ఆ తల్లికి అది చాలు.